ప్రమాదం ఉందని తెలిసి ఇల్లు అమ్మితే బాధ్యత ఎవరిది? అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల క్రయవిక్రయాల కాగితాలు చూడటం నా పని. టైటిల్, అంటే ఇంటి మీద హక్కు సంగతి అందరూ అడుగుతారు. ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) తిరగేస్తారు. ఇల్లు గట్టిగా ఉందా, మనిషికి హాని చేసేది ఏమైనా ఉందా అన్న ప్రశ్న మాత్రం రిజిస్ట్రేషన్ అయిపోయాక, ఏదో ఒకటి ఊడిపడ్డాక వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి ప్రధానంగా ఒక వ్యక్తి తన పాత ఇల్లో ఫ్లాటో మరొకరికి అమ్మే సందర్భానికి, మన దేశ చట్టాల ప్రకారం రాసిన జవాబులు. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## అమ్మకానికి పెట్టకముందు

ఇంట్లో లోపాలన్నీ నేనే చెప్పాలా? చూసుకోవాల్సింది కొనేవాడు కాదా?

ఇద్దరికీ బాధ్యత ఉంది. ఎవరిది ఎంతవరకో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. లోపం ముఖ్యమైనదై, అది మీకు తెలిసి కొనేవాడికి తెలియనిదై, మామూలు జాగ్రత్తతో చూసినా అతని కంట పడనిదై ఉంటే మీరు చెప్పి తీరాలి. హాలు గోడకు నిలువునా బీట కనబడుతుంటే అది చూసుకోవాల్సింది కొనేవాడే. ఆ బీటకు సిమెంటు మెత్తి, పుట్టీ పెట్టి, రంగు వేయించాక చూపిస్తే అది కంటికి కనబడే లోపం కాదు. చెప్పాల్సింది చెప్పకపోవడం మోసంతో సమానమని ఆ సెక్షన్ చివర్లోనే ఉంది. చాలామంది అమ్మకందారులకు ఆ ఒక్క వాక్యం తెలియదు.

'ముఖ్యమైన లోపం' అంటే ఏది? కుళాయి కారడం కూడా వస్తుందా?

కుళాయి రాదు. ఆ సంగతి ముందే తెలిస్తే కొనేవాడు ఆ ఇల్లు కొనేవాడు కాదు, లేదా ఆ ధర పెట్టేవాడు కాదు అనిపించేంత లోపమైతే వస్తుంది. మన ఊళ్లలో నేను ఎక్కువగా చూసేవి చెబుతాను.

కోస్తాలో కొన్ని పాత ఇళ్లకు ఉప్పు ఇసుక వాడారు. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కాంక్రీటు పగిలి స్లాబు పెచ్చులు ఊడతాయి. ఊడిన చోట ప్లాస్టరింగ్ చేయిస్తే రెండు మూడేళ్లు ఏమీ తెలియదు, లోపల తుప్పు మాత్రం ఆగదు. నల్లరేగడి నేల మీద పునాది లోతు చాలని ఇళ్లు ఎండాకాలం బీటలిస్తాయి, వానాకాలం ఆ బీటలు కొంత మూసుకుంటాయి. అందుకే అలాంటి ఇంటిని వానల్లో చూపించి బేరం తెంపుతారు.

సెప్టిక్ ట్యాంకు మూత ఇంకో రకం. లోపలి వాయువులు కాంక్రీటును కింది నుంచి తినేస్తాయి, పైన చూస్తే గచ్చు నున్నగానే ఉంటుంది. ట్యాంకు మీదే కారు షెడ్డు వేసిన ఇల్లు ఒకటి చూశాను. మూత కింద అరచేయంత మేర ఊచలు బయటపడి, వేలితో గీరితే పొడి రాలింది. ఆ షెడ్డులో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

ఎర్తింగ్ లేకపోవడం, రెండంతస్తుల పునాది మీద లేపిన మూడో అంతస్తు, స్తంభం కొట్టేసి పెద్దది చేసిన హాలు, ఇవన్నీ కూడా ఈ కోవలోవే.

మా వంటిల్లు పూడ్చిన బావి మీద కట్టారు. నలభై ఏళ్లుగా ఏమీ కాలేదు. ఇప్పుడు చెప్పాలా?

చెప్పాలి. పూడ్చిన బావిలో చెత్త, రాళ్లు, మట్టి కలిపి పోస్తారు. కిందిది కుళ్లి, నీటిమట్టం పెరిగి తగ్గుతూ మట్టిని లాగేస్తే మధ్యలో గుల్ల ఏర్పడుతుంది. నలభై ఏళ్లు నిలిచింది కాబట్టి ఇక దిగబడదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నేను చూసిన ఒక ఇంట్లో వంటింటి మూల టైల్స్ మీద రూపాయి నాణెంతో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. గ్యాస్ బండ ఉన్న మూల అది. అమ్మినాయన 'మాకేం తెలియదండీ' అన్నాడు. ఎదురింటి మామ్మగారు మాత్రం గుమ్మంలో కూర్చునే 'అక్కడ గిలక బావి ఉండేది నాయనా, మా పెళ్లినాటికి నీళ్లు తోడుకునేవాళ్లం' అన్నారు. తర్వాత ఆ మూల టైల్స్ రెండుసార్లు వేయించిన మేస్త్రీ కూడా దొరికాడు. ఇక తెలియదన్న మాట నిలబడలేదు.

మీ ఇంట్లో అలాంటిది ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, ఆయన ఇచ్చిన కాగితాన్ని కొనేవాళ్ల చేతిలో పెట్టండి. బాగు చేయించి అమ్మినా సరే, బావి ఉండేదన్న మాట, దానికి ఏం చేయించారన్న మాట రెండూ రాయండి.

పెరట్లో ఎండిపోయిన బోరు ఉంది. పైన బండ పెట్టాం. సరిపోతుందా?

సరిపోదు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర బోరుబావిలో పడి ఒక పసిపాప చనిపోయింది. అలాంటి వార్తలు మనం ఎన్నిసార్లు చదివామో! బండను ఎవరైనా జరపవచ్చు, గోనెసంచి చివికిపోతుంది. కొత్తగా వచ్చే కుటుంబానికి ఆ పెరట్లో ఏ మూల ఏముందో తెలియదు. పూడ్పించి, ఫొటోలు తీసి, చోటు చూపించి అమ్మండి. దీనికి అయ్యే ఖర్చు ఇంటి ధరలో ఒక లెక్కలోది కూడా కాదు.

వాస్తు దోషం, ఇంట్లో జరిగిన చావులు కూడా చెప్పాలా?

చట్టం మాట్లాడేది ఆస్తిలో ఉన్న లోపం గురించి. వీధిపోటు, ఈశాన్యంలో మెట్లు లాంటివి భద్రతకు సంబంధించినవి కావు, పైగా కంటికి కనబడేవే. కానీ సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి.

మేం అమెరికాలో ఉంటాం. నాన్నగారి ఇల్లు జీపీఏ (మా తరఫున అమ్మే అధికారమిచ్చే పత్రం) మీద మా బావగారు అమ్ముతున్నారు. ఇంటి సంగతులు మాకేం తెలియవు. మాకు బాధ్యత ఉంటుందా?

మీకు నిజంగా తెలియకపోవచ్చు. కానీ జీపీఏ పట్టుకున్న మనిషి మీ తరఫు ఏజెంటు. ఆ పని చేస్తున్న క్రమంలో ఆయనకు తెలిసింది మీకు తెలిసినట్టే లెక్క అని భారత కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్ అంటుంది. బావగారు మేస్త్రీని పిలిపించి స్లాబు పెచ్చులకు మాటు వేయించి ఉంటే, డాలస్‌లో కూర్చున్నా ఆ ఎరుక మీకు అంటుతుంది. జీపీఏ పంపేముందు ఆయన్ని, అద్దెకున్నవాళ్లను ఇంటి పరిస్థితి అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తెప్పించుకోండి. ఇంజినీరుతో ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది.

అమెరికాలో ఉన్న మా సొంత ఇల్లు అమ్ముతున్నాం. అక్కడా ఇవే నిబంధనలా?

కావు. అక్కడ రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. చాలా రాష్ట్రాల్లో ఇంటి లోపాల గురించి అమ్మేవాళ్లు నింపి ఇవ్వాల్సిన ఫారం ఉంటుంది. దేశమంతటికీ వర్తించేది సీసం రంగుల నిబంధన. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన రంగు గురించి మీకు తెలిసింది చెప్పాలి, ప్రభుత్వం ఆమోదించిన కరపత్రం ఇవ్వాలి, పరీక్ష చేయించుకోవడానికి కొనేవాళ్లకు 10 రోజుల గడువు ఇవ్వాలి. తెలిసి ఉల్లంఘిస్తే నష్టానికి మూడు రెట్లు కట్టాల్సి రావచ్చు.

## బేరం, అగ్రిమెంట్ దశలో

వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా?

మామూలు వ్యాపారంలో ఊరుకోవడం మోసం కాదు, నిజమే. కానీ మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నచోట ఊరుకుంటే అది మోసమేనని కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ వివరణలో ఉంది. ఇల్లు అమ్మేవాడికి ఆ బాధ్యతను ఆస్తి బదిలీ చట్టం పెట్టింది. రెండూ కలిపి చూస్తే మీ మౌనం మిమ్మల్ని కాపాడదు. ఇక రంగులు వేసి, అల్మరా అడ్డం పెట్టి, ఫాల్స్ సీలింగ్ కొట్టించి దాచినట్టయితే అది మౌనం కూడా కాదు, పనిగట్టుకుని దాచడం. చట్టం దాన్ని విడిగా పేర్కొంది.

కొనేముందు ఏం అడగాలి? నోటితో అడిగితే చాలదా?

రాతలో అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. ఆస్తి గురించి కొనేవాడు అడిగిన సంబంధిత ప్రశ్నలకు తనకు తెలిసినంత మేరకు జవాబు చెప్పడం అమ్మేవాడి చట్టపరమైన బాధ్యత. అందుకే మీ ప్రశ్నకు విలువ ఎక్కువ. 'ఇల్లు బాగుందా అండీ?' అంటే 'బంగారంలా ఉంది' అంటారు. అలా కాకుండా విడివిడిగా అడగాలి. స్లాబుకు, స్తంభాలకు ఎప్పుడైనా మరమ్మతు చేయించారా? ఎందుకు? సెప్టిక్ ట్యాంకు, పాత బావి, బోరు ఎక్కడున్నాయి? పైఅంతస్తు ఏ సంవత్సరంలో వేశారు, అనుమతి ఉందా? సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయా? కరెంటు షాక్ ఎవరికైనా తగిలిందా? మున్సిపాలిటీ నుంచి గానీ కరెంటు ఆఫీసు నుంచి గానీ నోటీసు వచ్చిందా?

జవాబు ఇవ్వకుండా దాటేస్తే, ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఇంజినీరును పిలవండి. ఇంటి ధరతో పోలిస్తే ఆయన ఫీజు చాలా చిన్నది.

'ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది' అని రాయించుకుంటే నాకు ఇబ్బంది ఉండదు కదా?

కొంత రక్షణ ఉంటుంది, పూర్తిగా ఉండదు. అమ్మేవాడి బాధ్యతలు 'వేరే ఒప్పందం లేనప్పుడు' వర్తిస్తాయని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనే అంటుంది. కాబట్టి చిన్నాచితకా లోపాలు, పాత ఇంటికి సహజంగా ఉండే అరుగుదల ఆ వాక్యంలో కలిసిపోతాయి. కానీ ఉన్నదాన్ని మీరే దాచిపెట్టి 'ఉన్నది ఉన్నట్టుగా' అంటే, ఏది ఉందో అవతలివాడికి తెలియనివ్వలేదు కదా. మోసంతో తెచ్చుకున్న సమ్మతికి ఈ వాక్యం అడ్డుగోడ కాలేదు.

చెబితే ధర పడిపోతుంది. కూతురి పెళ్లికి డబ్బు కావాలి. ఏం చేయమంటారు?

మీ ఇబ్బంది నాకు తెలుసు. ధర కొంత తగ్గుతుంది, అదీ నిజమే. అయినా చెప్పమనే అంటాను. చెప్పి తగ్గించుకున్న రెండు లక్షలతో ఆ విషయం అక్కడితో ముగుస్తుంది. దాచి అమ్మితే వచ్చిన డబ్బు ఖర్చయ్యాక కోర్టు నోటీసు వస్తే కట్టడానికి ఏమీ మిగలదు. స్లాబు కింద మనిషి ఉన్నప్పుడు పెచ్చు పడితే, దానికి ఏ లెక్కా సరిపోదు.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. అగ్రిమెంట్‌లో విడిగా ఒక పేరా రాయించండి: 'పడమటి పడకగది స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడినట్లు, ఫలానా తేదీన మరమ్మతు చేయించినట్లు, తిరిగి పరీక్ష చేయించుకోవలసినట్లు అమ్మకందారు తెలియజేయగా, కొనుగోలుదారు ఇంజినీరుతో చూపించుకుని, ఆ మేరకు ధర నిర్ణయించుకొని సమ్మతించినారు.' ఇద్దరూ సంతకం పెట్టాక, చెప్పలేదన్న మాట మీ మీదికి రాదు. ఇదే పేరా సేల్ డీడ్‌లోనూ ఉండేలా డాక్యుమెంట్ రైటర్‌కు చెప్పండి.

మా వీధికి వరద వస్తుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అది కూడా నేనే చెప్పాలా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి కొనేవాడు మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలడు. దాన్ని దాచారని మీ మీద వాదించడం కష్టం. కానీ మీ ఇంటికే ప్రత్యేకమైన సంగతి వేరు. వానొస్తే డ్రైనేజీ నీళ్లు వెనక్కి తన్ని కింది బాత్రూంలోంచి రావడం, సెల్లార్‌లో మీటరు బోర్డు దాకా నీళ్లు ఎక్కడం బయటివాళ్లకు తెలియదు. మునిగిన బోర్డు దగ్గర ప్రాణం పోతుంది. అవి చెప్పాలి.

డాబాకు దగ్గర్లో 11 కేవీ తీగ పోతోంది. అందరికీ కనబడుతూనే ఉంది కదా?

తీగ కనబడుతుంది. దూరం చాలదన్న సంగతి అందరికీ తెలియదు. 11 కేవీ తీగకు భవనం పక్కన కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. మొదట ఉన్న దూరాన్ని మీరు పైఅంతస్తు వేసి తినేసి ఉంటే, కరెంటు ఆఫీసు నోటీసు ఇచ్చి ఉంటే, ఆ నోటీసు చూపించాలి. డాబా మీద బట్టలు ఆరేసే ఇనుప దండెం, ఎర్తింగ్ లేని వాటర్ ట్యాంకు స్టాండు ఉంటే తీసేయండి.

బ్రోకరుకు అన్నీ చెప్పాను, ఆయనే వాళ్లకు చెప్పలేదు. నా తప్పేముంది?

మీరు పెట్టుకున్న మధ్యవర్తి చెప్పకపోతే కొనేవాడి దృష్టిలో మీరు చెప్పనట్టే. కమీషన్ పోతుందన్న భయంతో బ్రోకరు మాట మింగేయడం కొత్తేమీ కాదు. నేరుగా కొనేవాళ్లకే రాసి ఇవ్వండి.

బయానా తీసుకున్నాక, రిజిస్ట్రేషన్‌కు ముందు వానకు గోడ కూలింది. నష్టం ఎవరిది?

ఇల్లు అప్పగించేదాకా, వివేకం గల యజమాని తన సొంత ఇంటిని చూసుకున్నట్టు చూసుకోవాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. యాజమాన్యం బదిలీ అయ్యాక, అమ్మినవాడి తప్పు లేకుండా జరిగిన నష్టం కొన్నవాడిది. కాబట్టి రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఇల్లు మళ్లీ ఒకసారి చూడండి. ఈ మధ్యలో కొత్త లోపం బయటపడితే అమ్మేవాడు దాన్నీ చెప్పాలి.

## రిజిస్ట్రేషన్ అయ్యాక

ఆర్నెల్లకు లోపం బయటపడింది. మొట్టమొదట ఏం చేయాలి?

ముందు మనుషుల్ని ఆ గదిలోంచి ఖాళీ చేయించండి, స్లాబు అయితే కింద జాకీలు పెట్టించండి. తర్వాతే కాగితాలు. మరమ్మతు మొదలుపెట్టకముందు తేదీ పడేలా ఫొటోలు, వీడియో తీసి, స్ట్రక్చరల్ ఇంజినీరుతో రిపోర్టు రాయించండి. చాలామంది కంగారులో మేస్త్రీని పిలిచి అంతా కొట్టించేస్తారు, దాంతో సాక్ష్యం లారీలో వెళ్లిపోతుంది. ప్రాణభయం ఉండి వెంటనే కూల్చక తప్పకపోతే, ఆ తుప్పు ఇనుము ముక్కలు, పెచ్చులు కొన్ని సంచిలో కట్టి పెట్టండి. అటుపైన లాయరు ద్వారా అమ్మినవాడికి స్పీడ్ పోస్టులో నోటీసు. దావా వేశాక అడ్వకేట్ కమిషనర్‌ను (పరిశీలనకు కోర్టు నియమించే లాయరును) పంపి ఇల్లు చూపించమని కోర్టును కోరవచ్చు.

అమ్మినవాడికి ముందే తెలుసని ఎలా రుజువు చేయాలి?

కేసంతా దీని మీదే నిలబడుతుంది. రుజువు సాధారణంగా ఇంటి చుట్టుపక్కలే దొరుకుతుంది. మాటు వేసిన మేస్త్రీ, రంగులు వేసిన పెయింటరు, హార్డ్‌వేర్ షాపు బిల్లు, ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు, ఇరుగుపొరుగు, మున్సిపాలిటీ నోటీసు. ఫ్లాటు అయితే అసోసియేషన్ మీటింగు పుస్తకం, గ్రూపులో ఆయన పెట్టిన ఫిర్యాదులు. వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫోను అమ్మేయకండి.

రిజిస్ట్రేషన్ రద్దు చేయించి డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చా?

మోసం రుజువైతే ఆ మార్గం ఉంది. మోసంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మోసపోయినవాడికి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ఇస్తుంది. సేల్ డీడ్ రద్దుకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 31వ సెక్షన్ కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి మీరొక్కరే వెళ్లి రద్దు చేయించుకోవడం కుదరదు. అయితే రెండు అడ్డంకులు ఉన్నాయి. అమ్మినవాడు కేవలం నోరు విప్పకపోయిన సందర్భంలో, మామూలు శ్రద్ధతో మీకు నిజం తెలిసేదే అయితే రద్దు హక్కు పోతుంది. తెలిసిన తర్వాత కూడా ఇంటిని మీదిగానే వాడుకుంటూ, మార్పులు చేసుకుంటూ కూర్చుంటే మీ వాదన బలహీనపడుతుంది. చాలా కేసుల్లో ఇల్లు ఉంచుకుని మరమ్మతు ఖర్చు, తగ్గిన విలువ, ఖాళీ చేసిన నెలల అద్దె అడగడమే ఆచరణలో మేలు.

ఎన్నేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి?

మామూలుగా మూడేళ్లు. మోసం ఉన్నప్పుడు ఆ మూడేళ్లు రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు, మోసం మీకు తెలిసిన నాటి నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలియగలిగిన నాటి నుంచి లెక్క. 1963 లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ ఇది చెబుతుంది. మొదటి పెచ్చు ఊడిన తేదీ రాసి పెట్టుకోండి.

రెరాకో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వినియోగదారుల కమిషన్‌కో వెళ్లవచ్చా?

ఒక వ్యక్తి తన సొంత పాత ఇల్లు అమ్ముకుంటే అది సేవ కిందికి రాదు. ఆయన రెరా చట్టం చెప్పే ప్రమోటరూ, అంటే కట్టి అమ్మే బిల్డరూ కాదు. కాబట్టి సివిల్ కోర్టే దారి.

బిల్డరు సంగతి వేరు. రెరా పరిధిలోని ప్రాజెక్టులో ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. రీసేల్‌లో కొన్నవాళ్లు కూడా ఆ చట్టం నిర్వచనంలో అలాటీలే, అంటే ఫ్లాటు పొందినవాళ్లే. మొదటి యజమాని దగ్గర కొన్నాం కాబట్టి బిల్డరును అడగలేమని చాలామంది వదిలేసుకుంటున్నారు. ఐదేళ్లు దాటకముందే రాతలో అడగండి.

పోలీసు కేసు పెట్టవచ్చా?

భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసానికి సంబంధించింది. 2024 జూలై 1కి ముందు జరిగిన అమ్మకమైతే పాత ఐపీసీ 420. అమ్మేనాటికే మోసగించే ఉద్దేశం ఉందని చూపించాలి, అది లేకపోతే 'సివిల్ తగాదా' అని స్టేషన్‌లో తిప్పి పంపుతారు. పగిలిన స్తంభానికి బేరం వారం ముందు మాటు వేయించిన బిల్లు లాంటిది చేతిలో ఉంటేనే ఆ దారి పట్టండి.

కొన్న ఇంట్లో అద్దెకున్నవాళ్లకు దెబ్బ తగిలింది. వాళ్లు నన్నడుగుతారా, అమ్మినవాడినా?

మిమ్మల్నే. ఇప్పుడు యజమాని మీరు. అద్దెకిచ్చేవాడు కూడా తనకు తెలిసి, అద్దెవాళ్లకు తెలియని, చూసినా కనబడని ముఖ్య లోపాన్ని చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. అద్దెవాళ్లకు మీరు ఇచ్చుకున్నది తర్వాత అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవడం మీ ఇద్దరి మధ్య వేరే దావా. లోపం తెలిసిన రోజే అద్దెవాళ్లకు చెప్పి ఆ భాగం మూయించండి.

అమ్మినాయన చనిపోయారు. ఇక అడిగేదెవరిని?

వారసుల్ని పార్టీలుగా చేర్చవచ్చు. ఆయన నుంచి వాళ్లకు సంక్రమించిన ఆస్తి మేరకే వాళ్లు కట్టాలి, సొంత సంపాదన మీదికి రాదు.

ఈ ఇల్లు నాకూ ఇలాగే అంటగట్టారు. నేనూ చెప్పకుండా అమ్మేసుకుని బయటపడవచ్చా?

కుదరదు. నిన్నటిదాకా మీకు తెలియదు, ఇప్పుడు తెలుసు. అమ్మేవాడి బాధ్యత మొత్తం మీ మీదికి వచ్చింది. పైగా మీరు రాయించిన ఇంజినీరు రిపోర్టు, అమ్మినవాడికి పంపిన నోటీసు, తీసిన ఫొటోలే రేపు మీకు తెలుసనడానికి సాక్ష్యాలు. అమ్మక తప్పకపోతే ఆ రిపోర్టు నకలు అగ్రిమెంట్‌కు జతపరచి, ప్రతి పేజీ మీద కొనేవాళ్ల సంతకం తీసుకోండి. ఇల్లు చూడటానికి వచ్చిన రోజే పిల్లల్ని ఆ గదిలోకి వెళ్లనివ్వకండి.